కుక్కల అర్జీ మేమే రాశాం, సంతకం మాత్రం వద్దన్నారు

పోస్టు కొంచెం పొడుగైంది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మేం నలుగురం. హైదరాబాద్‌లో ఉప్పల్ దాటి మేడిపల్లి వైపు పోయే దారిలో ఒక కాలనీలో, రెండంతస్తుల మీద వేసిన రేకుల గదిలో ఉంటాం. ఇద్దరిది భద్రాచలం వైపు, ఒకరిది ఉట్నూరు వైపు, ఇంకొకరిది చింతూరు వైపు. ఒకరు ఎం.ఏ. తెలుగు, ఒకరు బీఈడీ, ఒకరు ఇంజనీరింగ్, ఒకరు గ్రూప్స్ ప్రిపరేషన్. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలీదు కాబట్టి అద్దె వంతులేసుకుని కడతాం.

గది అడగడానికి పోయినప్పుడు ఓనర్ ఆంటీ వేసిన మొదటి ప్రశ్న మీ అందరికీ తెలిసిందే. "మీరేమిట్లు బాబూ?" ఆదివాసులం ఆంటీ అన్నాం. "అంటే అడవిలో ఉంటారా?" లేదు ఆంటీ, ఊళ్ళోనే ఉంటాం, ఊరే అడవిలో ఉంటది అన్నాం. ఆమె నవ్వింది, మేమూ నవ్వాం. గది ఇచ్చింది. ఆమెను చెడ్డగా చెప్పడానికి ఇది రాయట్లేదు. మాలో ఒకరికి డెంగీ వచ్చినప్పుడు వారం రోజులు గంజి కాచి పైకి పంపింది ఆమే.

ఆంటీ వాళ్ళకు ఒక లాబ్రడార్ కుక్క ఉంది. పేరు బ్రూనో. దాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పుతారు. ఆంటీ వాళ్ళు ఊరెళ్తే ఆ పని మాదే. మాకూ ఇష్టమే, అది మాతో బాగా కలిసిపోయింది. బ్రూనోకి ఒక టీకా పుస్తకం ఉంది. ఏ తేదీన ఏ సూది వేయించారు, మళ్ళీ ఎప్పుడు వేయించాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. తేదీ దగ్గర పడితే ఆంటీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఈ పుస్తకం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

బ్రూనో గేటు లోపలి కుక్క. గేటు బయట ఇంకో పది పన్నెండు ఉంటాయి. వాటి వల్ల కాలనీ రెండు పార్టీలుగా చీలిపోయింది. ఒక పార్టీ వాళ్ళు రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం, చికెన్ కాళ్ళు తెచ్చి పెడతారు. ఇంకో పార్టీ వాళ్ళు పిల్లల్ని ట్యూషన్‌కి పంపాలంటే భయపడతారు. మాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. లైబ్రరీ నుంచి రాత్రి పదిన్నరకు నడిచి వచ్చేది మేమే, వెంటపడేది మమ్మల్నే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు చంపేసిన వార్త ఎవరం మర్చిపోలేదు. ఆ బాబు వాళ్ళ నాన్న వాచ్‌మన్. నాన్న పనిచేసే చోటికి వెంట వచ్చిన పిల్లాడు. కారులో వచ్చి కారులో పోయేవాళ్ళను కుక్కలు ఏం చేస్తాయి? కరిచేది నడిచేవాళ్ళనే, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళనే.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచ్ ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. ఆ రోజు నుంచి కాలనీ గ్రూపులో యుద్ధమే. ఢిల్లీలో జనం రోడ్ల మీదికి వచ్చారు. సినిమా వాళ్ళు మాట్లాడారు, లాయర్లు మాట్లాడారు. ముగ్గురు జడ్జీల బెంచ్ కేసును తీసుకుంది. ఆగస్టు 22న తీర్పు మార్చింది. పట్టుకున్న కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు, తిండి పెట్టడానికి వేరే చోట్లు చూపించండి అని చెప్పింది. దేశమంతటినీ ఈ కేసులోకి తెచ్చింది.

11 తేదీ నుంచి 22 దాకా. 11 రోజులు. ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత సెప్టెంబర్‌లో కాలనీ సంఘం పెద్ద, రిటైరైన ఒక అంకుల్, మా గదికి వచ్చారు. మూడు మెట్ల వరసలు ఎక్కి ఆయన పైకి రావడం అదే మొదటిసారి. "బాబూ, మీలో ఎవరో తెలుగు ఎం.ఏ. అంట కదా. కుక్కల మీద కార్పొరేషన్‌కి ఒక అర్జీ రాయాలె. మా పిల్లలకు తెలుగు రాయనీకి రాదు" అన్నారు. కూర్చోబెట్టి టీ ఇచ్చాం. ఆ రాత్రే రాశాం. ఉట్టి మాటలు రాయలేదు. ఏ వీధిలో ఎన్ని కుక్కలున్నాయో రెండు రోజులు తిరిగి లెక్కపెట్టాం. ఎవరిని ఏ తేదీన కరిచిందో అడిగి రాసుకున్నాం. ఫొటోలు తీశాం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చదివి, ఆపరేషన్, టీకా బాధ్యత స్థానిక సంస్థదే అని ఒక పేరా పెట్టాం. రెండు పార్టీలకూ ఒప్పుదలయ్యేటట్టు రాశాం. కుక్కల్ని చంపమనలేదు, దూరంగా పడేయమనలేదు, రూల్ ప్రకారం చెయ్యమన్నాం.

అంకుల్ చదివి "మంచిగ రాసిన్రు" అని భుజం తట్టారు. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది కూడా మేమే. అరవై దాటాయి. చివర్లో మా నలుగురం పెన్ను తీసుకున్నాం. అంకుల్ ఆపారు. "మీదొద్దులే బాబూ. మీకు ఇక్కడ ఓటు లేదు కదా. వాళ్ళు ఓటరు లిస్టుతో చూస్తే అర్జీ మొత్తం వీక్ అయిపోతది" అన్నారు.

ఆయన కోపంగా అనలేదు, చిన్నచూపుతో కూడా అనలేదు. లెక్క ప్రకారం అన్నారు. అదే మాకు ఎక్కువ తగిలింది. రాసిన చెయ్యి మాది, తిరిగిన కాళ్ళు మావి, రాత్రిపూట కుక్కలు తరిమేది మమ్మల్ని. కానీ కాగితం మీద మేం లేం.

తొమ్మిదో రోజు కార్పొరేషన్ బండి వచ్చింది. కుక్కల్ని పట్టుకుపోయి కొన్ని రోజులకు చెవి కొసన చిన్న కోత పెట్టి తెచ్చి వదిలారు. ఆపరేషన్ అయిందని అది గుర్తు. ఇప్పుడు కాలనీ కొంచెం ప్రశాంతంగా ఉంది. అంకుల్ మాకు స్వీట్ బాక్స్ ఇచ్చారు.

ఆ స్వీట్ తింటూ కూర్చున్నప్పుడే భద్రాచలం వైపు మా తమ్ముడు చిన్నగా ఒక మాట అన్నాడు. "అన్నా, మనం మన ఊరి గురించి ఇట్లాంటి కాగితం ఒక్కటైనా రాసినమా?"

ఎవరం జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆ తమ్ముడి ఇంట్లో జరిగింది మా అందరికీ తెలుసు.

మన ఊళ్ళల్లో కుక్క ఎట్లా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. దానికి బెల్టు ఉండదు, గేటు ఉండదు, ఒక్కోసారి పేరు కూడా ఉండదు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి పోతే అది ముందు నడుస్తుంది. జొన్న చేలో మంచె మీద నాన్న పడుకుంటే కింద అది పడుకుంటుంది, అడవి పంది వస్తే మొదట అరిచేది అదే. మనం తిన్నాక మిగిలింది తింటుంది. దాన్ని "పెట్" అనం. ఇంట్లో మనిషి అని కూడా అనం. అది అట్లా ఉంటది, అంతే. కానీ దానికి టీకా ఉండదు. అక్కడే వస్తుంది తంటా.

2025 వేసవిలో, తునికాకు కోత నడుస్తున్నప్పుడు, ఆ తమ్ముడి చిన్న తమ్ముణ్ణి, తొమ్మిదేళ్ళవాణ్ణి, పక్క ఊరి నుంచి వచ్చిన కుక్క పిక్క మీద కరిచింది. ఇంట్లోవాళ్ళు పసరు కట్టారు. ఊళ్ళో సిగ్నల్ రాదు. గట్టు ఎక్కితేనే ఫోన్ పలుకుతుంది. రెండో రోజు సాయంత్రం పెదనాన్న గట్టెక్కి వేరే పని మీద ఫోన్ చేసి, మాటల మధ్యలో "చిన్నోణ్ణి కుక్క పట్టింది" అన్నాడు. తమ్ముడు ఇక్కడ లేచి నిలబడ్డాడు. సూది వేయించారా అంటే, పసరు కట్టినం అన్నాడు. ఫోన్‌లోనే తిట్టి, బతిమాలి, మూడో రోజు బయల్దేరదీశాడు. 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో టీకా స్టాక్ లేదు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. చేతి మీద వేసే ఈ సూదులు మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, మొత్తం నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఆటో మాట్లాడుకోవాలి. నాలుగుసార్లూ అమ్మకు ఆకు కూలి పోయింది. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు ఉండదు కాబట్టి ఆ 28 రోజులూ మా గదిలో ఎవరికీ సరిగా నిద్ర లేదు. పిల్లాడు బాగున్నాడు. కానీ ఆ సూదుల లెక్క వాళ్ళమ్మ దగ్గర ఒక చీటీ ముక్క మీద ఉంది, అది కూడా చెమటకు చెరిగిపోయింది. కింద అంతస్తులో బ్రూనోకి పుస్తకం ఉంది.

బ్రూనోకి పుస్తకం ఎందుకుంది అని మేం ఏడవట్లేదు. ఉండాలి. మా చిన్నోడికి ఎందుకు లేదు అన్నదే మా ప్రశ్న.

ఇప్పుడు ఆ 11 రోజుల లెక్క దగ్గరికి వద్దాం.

జీవో నంబర్ 3 సంగతి మనందరికీ తెలుసు, అయినా కొత్తగా చేరిన తమ్ముళ్ళ కోసం చెప్తాం. 2000 జనవరి 10న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, రాజ్యాంగం 5వ షెడ్యూల్ కింద గవర్నర్‌కున్న అధికారంతో ఆ జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. ఎందుకు తెచ్చారు? బయటి నుంచి వచ్చిన సార్లు వారానికి ఒకరోజు వచ్చి రిజిస్టర్‌లో ఆరు రోజుల సంతకాలు పెట్టిపోతుంటే బడులు మూతపడుతున్నాయి కాబట్టి. ఒకటో తరగతి పిల్లాడు కోయలోనో గోండిలోనో కువిలోనో అడిగితే అర్థమయ్యే పంతులు కావాలి కాబట్టి. మాలో ఇద్దరికి అఆలు నేర్పింది ఆ జీవో కింద వచ్చిన టీచర్లే. నీళ్ళకు పోతానని మా భాషలో అడిగితే వాళ్ళు పంపించేవాళ్ళు. అంతకుముందు మా అన్నలు తెలుగులో అడగడం రాక క్లాసులోనే తడుపుకునేవాళ్ళట. నవ్వొచ్చే మాటే, కానీ ఎంతమంది ఆ సిగ్గుతోనే బడి మానేశారో!

ఆ జీవో మీద కేసు 2002 నుంచి సుప్రీంకోర్టులో ఉంది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. తేదీ చూడండి. లాక్‌డౌన్ మధ్యలో. హాస్టళ్ళు మూసేసి మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు. బస్సులు లేవు, పేపర్ రాదు, సిగ్నల్ లేదు. మాలో ఒకరికి ఆ తీర్పు సంగతి నాలుగు రోజుల తర్వాత, ఆన్‌లైన్ క్లాసు లింక్ కోసం గట్టు ఎక్కినప్పుడు తెలిసింది. అప్పటికే డీఈడీ చేసి, టెట్ పాసై కూర్చున్న అక్క ఒకామె ఉంది వాళ్ళ ఊళ్ళో. ఆమెకు ఎవరు చెప్పాలి అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారట. ఆ అక్క ఇప్పుడు పట్నంలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చుంటుంది.

అప్పుడు ఎవరం రోడ్డు మీదికి రాలేకపోయాం. రావడానికి రోడ్డే మూసేసి ఉంది. తర్వాత ధర్నాలు చేశాం, బంద్‌లు చేశాం, పాడేరు నుంచి ఉట్నూరు దాకా. ఎన్నికలొచ్చినప్పుడల్లా హామీలు విన్నాం. ఐదేళ్ళు దాటిపోయాయి.

న్యాయం చదివే అన్నలు కొందరు ఇక్కడ అడ్డం పడతారని తెలుసు. "రెండు కేసులకూ పోలికేంటి? కుక్కలది నిర్వహణ సమస్య, జీవో 3 సమానత్వ హక్కుకు సంబంధించిన రాజ్యాంగ ప్రశ్న. 100 శాతం రిజర్వేషన్ అంటే మిగతావాళ్ళకు తలుపే మూసేసినట్టు, అది చెల్లదని కోర్టు అంది. గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కులను దాటి పోలేదని అంది. అప్పటికే ఉద్యోగం చేస్తున్నవాళ్ళను తీసెయ్యలేదు కూడా" అంటారు. నిజమే. మేం కాదనట్లేదు. తీర్పును తీర్పుగానే చదవాలి, తిట్టుకుంటే పని జరగదు. కానీ మేం పోల్చేది చట్టాన్ని కాదు, వినిపించడాన్ని. కుక్కల గురించి బాధపడిన వాళ్ళు కోర్టుకు దగ్గర్లో ఉన్నారు, టీవీకి దగ్గర్లో ఉన్నారు, వాళ్ళ ఫోన్‌లో ఎప్పుడూ సిగ్నల్ ఉంది. అందుకే వాళ్ళ మాట 11 రోజుల్లో తిరిగి బెంచ్ ముందుకు చేరింది. మన మాట గట్టెక్కితే గానీ బయటికి రాదు.

టెక్నాలజీ వచ్చాక అందరూ సమానమైపోయారని మన క్లాస్‌మేట్లు అంటుంటారు. మాకట్లా అనిపించదు. ఉపాధి హామీ పనికి 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన మట్టిపని ఎవరి లెక్కలోకి పోతుంది? రేషన్‌కు వేలిముద్ర పడాలి. అరిగిపోయిన వేళ్ళతో మా అవ్వ నాలుగుసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోదు. మన మాట వినడానికి రాని నెట్‌వర్క్, మనల్ని లెక్కపెట్టడానికి మాత్రం తప్పకుండా కావాలంట.

అయితే తప్పు మొత్తం అవతలివాళ్ళదే అని రాస్తే ఈ పోస్టు కూడా ఉట్టి ఏడుపే అవుతుంది. కాలనీ అర్జీ మాకు ఒక సంగతి నేర్పింది. ఆ కాలనీ వాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళేం కాదు. వాళ్ళకు తెలుగులో అర్జీ రాయడం కూడా రాదు, మనతోనే రాయించుకున్నారు. కానీ తేదీ వేసి, లెక్క చూపించి, ఫొటో పెట్టి, రసీదు తీసుకుని, వారం తర్వాత మళ్ళీ పోయి అడగాలని వాళ్ళకు తెలుసు. మనం ధర్నాకు వెయ్యి మందిమి పోతాం, తెల్లారి ఆ వినతిపత్రం ఎక్కడుందో మనలో ఒక్కరికీ తెలీదు. చదువుకున్న మనమే ఇట్లా ఉంటే, మన అమ్మానాన్నలను ఏమంటాం?

అందుకే 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలకు తమ్ముడు ఊరెళ్ళినప్పుడు, మాలో ఇంకొకరు కూడా వెంట వెళ్ళారు. మా ఓట్లు ఇంకా ఊళ్ళల్లోనే ఉన్నాయి. ఇక్కడికి మార్చుకోమని కొందరన్నారు. అద్దె గదికి ఓటు తెచ్చుకుంటే కాలనీ అర్జీ మీద సంతకం పెట్టొచ్చు, కానీ ఊరి గ్రామసభలో కూర్చునే హక్కు పోతుంది. పెసా చట్టం 1996లో వచ్చింది, మన గ్రామసభకు అంత బలం ఇచ్చింది. ఆ బలాన్ని వదిలేసి ఇక్కడ ఒక గీత గీసి ఏం చేస్తాం? ఓటు అక్కడే ఉంచుకుందాం అనుకున్నాం.

ఎన్నిక అయ్యాక ఊరివాళ్ళను కూర్చోబెట్టి అర్జీ రాశారు. కాలనీకి రాసినట్టే రాశారు. గత ఏడాది మా ఊళ్ళో కుక్క కరిచినవాళ్ళు ఎంతమంది, పాము కరిచినవాళ్ళు ఎంతమంది, టీకా ఎక్కడ దొరికింది, ఎన్ని రోజులకు, ఆటోకు ఎంతైంది. కింద 41 సంతకాలు, వేలిముద్రలు. అమ్మ వేలిముద్ర మొదటిది. తమ్ముడి సంతకం రెండోది. ఈసారి ఎవరూ వద్దనలేదు. సోమవారం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నారు.

అద్భుతం ఏమీ జరగలేదు. మూడు వారాలకు ఆరోగ్య కేంద్రానికి రేబిస్ టీకాలు వచ్చాయని ఏఎన్ఎం అక్క చెప్పింది. అదే కాగితంలో అడిగిన సెల్ టవర్ గురించి ఇంకా జవాబు లేదు. రసీదు నంబర్ ఉంది, మళ్ళీ పోతాం.

ఇప్పుడు మీతో ఉన్న పని. ఈ వేసవికి ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క నోటుబుక్ పట్టుకుపోండి. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, వాళ్ళల్లో పిల్లల భాష వచ్చినవాళ్ళు ఎంతమంది, నెలలో బడి ఎన్ని రోజులు తెరిచారు, ఇంతవరకు రాయండి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణమే చెప్తోంది. జీవో 3 బదులు రేపు చట్టం తేవాలన్నా, రాజ్యాంగ సవరణ అడగాలన్నా, "ఎందుకు" అని అడుగుతారు. అప్పుడు చూపించాల్సింది మన ఆవేశం కాదు, ఈ నోటుబుక్కులే. వంద ఊళ్ళవి కలిస్తే దాన్ని పక్కన పడెయ్యడం ఎవరికైనా కష్టం.

ఇంకొకటి, ఇది మాత్రం వేసవి దాకా ఆగొద్దు, ఈ రోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. కుక్క కరిస్తే పసరు కట్టొద్దు. పారే నీళ్ళతో, సబ్బుతో పావుగంట సేపు గాయం కడగాలి. అదే రోజు సూదికి పోవాలి. గాయం లోతుగా ఉంటే పెద్దాసుపత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాలి. నాలుగు సూదుల్లో ఒక్కటి కూడా వదలొద్దు. సిగ్నల్ దొరకకపోతే గట్టెక్కే వాళ్ళెవరితోనైనా కబురు చెప్పండి.

బ్రూనో ఇప్పుడు కింద మొరుగుతోంది, ఆంటీ వాళ్ళు ఊళ్ళో లేరు. దాన్ని తిప్పే వేళయింది, వంతు మాదే. మీ అభిప్రాయాలు రాయండి, తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం. జై ఆదివాసీ.